విపత్తు సమయంలో మైక్రోగ్రిడ్ నిలబడాలంటే ఏఐ కంట్రోలర్ ఎంతవరకు పనికొస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఆసుపత్రి క్యాంపస్‌కి 500 కిలోవాట్ల సోలార్, 1000 కిలోవాట్ అవర్ల (అంటే యూనిట్ల) బ్యాటరీ, 250 కేవీఏ (సుమారు 200 కిలోవాట్ల) డీజీ సెట్, అంటే డీజిల్ జనరేటర్‌తో మైక్రోగ్రిడ్ పెడుతున్నారు. మైక్రోగ్రిడ్ అంటే మెయిన్ గ్రిడ్ నుంచి విడిపోయినా సొంతంగా నడవగల చిన్న కరెంటు వ్యవస్థ. తుఫాను, వరద వచ్చి మెయిన్ గ్రిడ్ రెండు మూడు రోజులు పోయినా ఆసుపత్రి నడవాలి. సప్లయరేమో రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో (ప్రయత్నించి, ఫలితం చూసి నేర్చుకునే పద్ధతి) పనిచేసే ఏఐ కంట్రోలర్ తీసుకోండి, అంతా అదే చూసుకుంటుంది అంటున్నాడు. దాంతో నిజంగా తేడా ఉంటుందా అని అడిగారు.

ఉంటుందండీ, కాకపోతే సప్లయర్ చెబుతున్న చోట ఉండదు. నిమిషాలు, గంటల మీద తీసుకునే నిర్ణయాలకి తెలివైన కంట్రోల్ పెట్టండి. మిల్లీసెకన్లలో జరగాల్సిన పనిని ఇన్వర్టర్లకీ, తేడా కనిపిస్తే బ్రేకర్ తెరిపించే రిలేలకీ వదిలేయండి. ఏ లోడ్ ఉంచాలి, ఏది తీసేయాలి, బ్యాటరీని ఎంత పొదుపుగా వాడాలి, డీజీ ఎప్పుడు తిప్పాలి అనే చోట మంచి అల్గారిథమ్ చాలా మేలు చేస్తుంది. కానీ ఆ కంట్రోలర్ పూర్తిగా ఆగిపోయినా ఐసీయూలో లైటు ఆరకూడదు. నేను మైక్రోగ్రిడ్ కంట్రోల్, కమిషనింగ్ పనుల్లో ఉన్నాను. ఎవరి డిజైన్ నా దగ్గరికి వచ్చినా మొదట చూసేది ఇదే.

ముందు మీ అంకెలతోనే ఒక లెక్క వేద్దాం, ఎందుకంటే అసలు విషయమంతా అందులోనే ఉంది.

మొత్తం లోడ్ 250 కిలోవాట్లు అనుకుందాం. అందులో ఆపకూడనివి, అంటే ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, ఆక్సిజన్, మందుల ఫ్రిజ్‌లు, అత్యవసర లైట్లు కలిపి 60 కిలోవాట్లు. కాసేపు ఆగినా ఫర్వాలేదనుకునే నీళ్ల పంపులు, వంటగది, లాండ్రీ లాంటివి 50. మిగతా 140 ఏసీలు, ఆఫీసులు, బయటి లైట్లు. బ్యాటరీలో వాడుకోగలిగింది 800 కిలోవాట్ అవర్లు. ట్యాంకులో 1000 లీటర్ల డీజిల్. మంచి లోడ్ మీద తిరిగే డీజీ లీటరుకి సుమారు 3.3 యూనిట్లు ఇస్తుంది, కాబట్టి డీజిల్ నుంచి 3300 యూనిట్లు. దట్టంగా మబ్బు పట్టిన రోజు మీ సోలార్ 300 యూనిట్లిస్తే గొప్ప.

కరెంటు పోగానే ఏమీ తీసేయకుండా అన్నీ నడిపారనుకోండి. బ్యాటరీ, డీజిల్, ఆ రోజు ఎండ అన్నీ కలిపితే 4400 యూనిట్లు. 250 కిలోవాట్ల లోడ్ మీద 18 గంటలు కూడా రాదు. రెండో రోజు పొద్దున ఐసీయూతో సహా అంతా చీకటి.

అదే మొదటి నిమిషంలోనే 60 కిలోవాట్లకి దిగిపోతే? మూడు రోజులకి కావాల్సింది 4320 యూనిట్లు. సోలార్ మొదటి రెండు రోజులు 300 చొప్పున, మూడో రోజు కాస్త తెరిపిచ్చి 800, మొత్తం 1400. బ్యాటరీ 800. మిగిలిన 2120 యూనిట్లకి డీజిల్ 640 లీటర్ల చిల్లర. నష్టాలు పోను ట్యాంకులో ఇంకా కొంత మిగులుతుంది, మధ్యలో నీళ్ల పంపులూ తిప్పుకోవచ్చు. పరికరాలు అవే, వాతావరణమూ అదే. 18 గంటలు కాస్తా మూడు రోజులు దాటింది. ఇందులో ఏఐ లేదు, మూడు కాంటాక్టర్లూ (లోడ్‌ని కలిపే, తెంచే స్విచ్‌లు) ఒక జాబితా ఉన్నాయంతే. అందుకే అల్గారిథమ్ గురించి అడిగినవాళ్లని నేను ముందు ఫీడర్లు, అంటే ఒక్కో విభాగానికి వెళ్లే కరెంటు లైన్లు, వేరు చేశారా అని అడుగుతాను. ఐసీయూ, ఆఫీసు ఏసీలు ఒకే బ్రేకర్ కింద ఉంటే ఎంత తెలివైన సాఫ్ట్‌వేరైనా వాటిని విడదీయలేదు.

జపాన్‌లోని సెండాయ్ ఉదాహరణ మీరు వినే ఉంటారు. 2011 మార్చి 11 భూకంపం తర్వాత ఆ నగరంలో కరెంటు పోయింది. అక్కడి తొహోకు ఫుకుషి యూనివర్సిటీ మైక్రోగ్రిడ్‌లోని గ్యాస్ ఇంజిన్లు కూడా మొదట ఆగిపోయాయి. అయినా అతి ముఖ్యమైన డీసీ లోడ్‌లకి బ్యాటరీలు, సోలార్ నుంచి సరఫరా ఆగలేదు. మర్నాడు ఇంజిన్లు తిరిగి స్టార్ట్ చేసి మిగతావాటికి ఇచ్చారు. అలా కుదరడానికి కారణం, లోడ్‌లని ప్రాధాన్యాన్ని బట్టి, వాటికి కావాల్సిన కరెంటు నాణ్యతను బట్టి ముందే వేరువేరు తరగతులుగా విడదీసి వైరింగ్ చేసి ఉండటం.

ఇక తెలివైన కంట్రోల్ ఎక్కడ పనికొస్తుందంటే

పై లెక్కలో డీజీని 60 కిలోవాట్ల మీద రాత్రీపగలూ తిప్పితే అది దాని సామర్థ్యంలో 30 శాతమే. అంత తక్కువ లోడ్ మీద డీజిల్ ఎక్కువ తాగుతుంది, కాలని ఇంధనం, మసి ఎగ్జాస్ట్‌లో పేరుకుంటాయి. దాన్ని 150 కిలోవాట్ల మీద తిప్పి, మిగిలిన 90 బ్యాటరీలోకి పంపి, తర్వాత ఆపేస్తే మూడు రోజుల్లో మొత్తం 14, 15 గంటలు తిరిగితే చాలు. అయితే ఆ గంటలు ఏవి? మధ్యాహ్నం ఎండ వస్తుందంటే పొద్దున బ్యాటరీ నింపుకోవడం దండగ. ఎండ రాదంటే రాత్రికి ముందే నింపాలి. నీళ్ల ట్యాంకు ఎప్పుడు నింపాలి, లాండ్రీకి ఎప్పుడు ఒక గంట ఇవ్వొచ్చు అనేవి కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. దీన్ని మనిషి కూర్చుని వేయలేడు, అందులోనూ నిద్ర లేని రెండో రాత్రి అసలు వేయలేడు.

ఇక్కడికి సరిగ్గా సరిపోయేది మోడల్ ప్రిడిక్టివ్ కంట్రోల్. ప్రతి 15 నిమిషాలకోసారి రాబోయే 24 లేదా 48 గంటల సోలార్, లోడ్ అంచనాలు తీసుకుని మొత్తం షెడ్యూల్ వేస్తుంది. అందులో మొదటి 15 నిమిషాల భాగం మాత్రమే అమలు చేసి, మళ్లీ కొత్త కొలతలతో మొదటి నుంచీ వేస్తుంది. అంచనా తప్పినా తప్పు పేరుకుపోదు. ఏ నిర్ణయం ఎందుకు తీసుకుందో ఆపరేటర్‌కి చూపించొచ్చు కూడా. విపత్తులో ఇది చాలా ముఖ్యం. ఎందుకో తెలియకుండా ఫీడర్ తీసేసే కంట్రోలర్‌ని సిబ్బంది పది నిమిషాల్లో మాన్యువల్‌లోకి మార్చేస్తారు.

దీనికి నేను పెట్టే షరతు ఒకటుంది. తుఫాను మోడ్‌లో సగటు అంచనా వాడొద్దు, చెడు అంచనా వాడండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇంతకంటే ఎక్కువే వస్తుంది అనుకునే సోలార్ అంకెనే నమ్మాలి. మామూలు రోజుల్లో ఇలా చేస్తే కాస్త డబ్బు వృథా. విపత్తులో బ్యాటరీ కొంచెం మిగిలిపోతే నష్టమేమీ లేదు, ముందే అయిపోతే మాత్రం కోలుకోలేం.

లోడ్ అంచనాల దగ్గర మాత్రం జాగ్రత్త. రెండేళ్ల మీటర్ డేటాతో ట్రైన్ చేసిన న్యూరల్ నెట్‌వర్క్ మామూలు మంగళవారం లోడ్‌ని అద్భుతంగా చెబుతుంది. తుఫాను రోజు ఆసుపత్రి లోడ్ మామూలు మంగళవారంలా ఉండదు. ఆపరేషన్లు వాయిదా పడతాయి, అత్యవసర విభాగం కిక్కిరిసిపోతుంది, చుట్టుపక్కల వాళ్లు ఫోన్లు చార్జ్ చేసుకోవడానికి వస్తారు. కాలిఫోర్నియాలో 2019 అక్టోబరులో కార్చిచ్చు భయంతో విద్యుత్ సంస్థ ముందుజాగ్రత్తగా కరెంటు ఆపేసినప్పుడు బ్లూ లేక్ రాంచెరియా అనే ఆదివాసీ సమాజపు మైక్రోగ్రిడ్ నడుస్తూనే ఉంది. వేలమంది పెట్రోలు, ఐస్, ఫోన్ చార్జింగ్ కోసం అక్కడికే వచ్చారు. కరెంటు మీద ఆధారపడిన రోగులకి అక్కడి హోటల్లో గదులిచ్చారు. చుట్టూ చీకటిగా ఉన్నప్పుడు వెలుగున్న చోటికి లోడ్ నడిచి వస్తుంది. కాబట్టి అంచనా కన్నా అప్పటికప్పుడు ఫీడర్ కొలతల మీద ఎక్కువ ఆధారపడండి.

రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ సంగతి. దీనికి నేను వ్యతిరేకం కాదు. సిమ్యులేటర్‌లో లక్షల ఎపిసోడ్లు తిప్పి నేర్పితే కొన్నిసార్లు మనకి తట్టని షెడ్యూళ్లు చూపిస్తుంది, నేర్చుకున్నాక నిర్ణయం క్షణాల్లో ఇస్తుంది. చిక్కల్లా విపత్తులు అరుదు కావడమే. దానికి నిజమైన డేటా దొరకదు, సిమ్యులేటర్ రాసినవాడు ఊహించిన విపత్తులే దానికి తెలుసు. సగం ప్యానెళ్లు ఎగిరిపోయి, ఒక ఫీడర్ నీళ్లలో ఉండి, ఒక మీటర్ తప్పుడు రీడింగ్ ఇస్తున్నప్పుడు అది ఏం చేస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. పెట్టుకోవాలనుకుంటే సలహాదారుగా పెట్టండి. అది చెప్పిన ప్రతి ఆదేశం ఒక గట్టి తనిఖీ గుండా వెళ్లాలి: బ్యాటరీ కనీస నిల్వ, ఇన్వర్టర్ కరెంట్ పరిమితి, ఐసీయూ ఫీడర్ తెరవకూడదనే నియమం. ఆ తనిఖీ దాటని ఆదేశాన్ని పక్కన పడేసి మామూలు షెడ్యూల్ నడవాలి. ఈ తనిఖీ గురించి అడిగితే మీ సప్లయర్ నీళ్లు నములుతున్నాడంటే అది లేదనే అర్థం.

కింది పొర: ఇక్కడ తెలివి కంటే వేగం, సరళత ముఖ్యం

గ్రిడ్ పోయిన క్షణంలో వోల్టేజ్, ఫ్రీక్వెన్సీలను ఎవరో ఒకరు నిలబెట్టాలి. మామూలు సోలార్ ఇన్వర్టర్లు గ్రిడ్‌ని అనుసరించే రకం. గ్రిడ్ లేకపోతే నియమం ప్రకారమే ఆగిపోతాయి. పట్టపగలు ఎండలో 500 కిలోవాట్ల ప్యానెళ్లు ఉత్తగా పడి ఉండటం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. బ్యాటరీ ఇన్వర్టర్ గ్రిడ్ ఫార్మింగ్ రకం అయి ఉండాలి, అంటే తానే వోల్టేజ్‌ని తయారుచేసేది. స్పెసిఫికేషన్‌లో ఈ ఒక్క మాట ఉందో లేదో ఇవాళే చూడండి. అది లేకపోతే పైన ఏ కంట్రోలర్ పెట్టినా ప్రయోజనం లేదు.

దీని తర్వాత డ్రూప్ కంట్రోల్. లోడ్ పెరిగితే ఫ్రీక్వెన్సీ కొద్దిగా తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది. దాన్ని చూసి ప్రతి యంత్రం తన వంతు సర్దుకుంటుంది, మధ్యలో కేబుల్ గానీ నెట్‌వర్క్ గానీ అక్కర్లేదు. ఇదే గుణాన్ని ఇంకా వాడుకోవచ్చు. బ్యాటరీ నిండిపోయి ఎండ ఇంకా కాస్తుంటే బ్యాటరీ ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని కావాలనే 50 హెర్ట్జ్ నుంచి కొంచెం పైకి జరుపుతుంది. 50.2 దాటగానే సోలార్ ఇన్వర్టర్లు ఉత్పత్తి తగ్గించుకునేలా సెట్ చేసి ఉంటాయి. బ్యాటరీ అడుగంటుతుంటే ఫ్రీక్వెన్సీని కిందికి జరుపుతుంది, 49.5 దగ్గర లాండ్రీ, 49.2 దగ్గర పంపులు వాటంతటవే తెగిపోతాయి. ఈ అంకెలు ఉదాహరణకి చెప్పినవి, మీ సైట్‌కి తగ్గట్టు పెట్టుకోవాలి. నెట్‌వర్క్ స్విచ్ నీళ్లలో మునిగినా ఈ కబురు అందరికీ అందుతుంది, ఎందుకంటే అది కరెంటు తీగలోనే వెళ్తోంది.

నేను చూసిన ఒక సైట్‌లో తెలివంతా క్లౌడ్‌లో ఉండేది. గాలివాన మొదలవగానే మొబైల్ టవర్ పోయింది, ఫైబర్ తెగింది. ఆఖరుగా వచ్చిన ఆదేశం 'బ్యాటరీ నుంచి గ్రిడ్‌కి పంపు'. దాన్నే పట్టుకుని సైట్ కంట్రోలర్ కొత్త ఆదేశం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. లోపల ఉన్న ఆపరేటర్ మాన్యువల్‌లోకి మార్చాడు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి నా స్పెసిఫికేషన్‌లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: నిర్ణయం తీసుకునే కంప్యూటర్ సైట్‌లోనే ఉండాలి, పైనుంచి కబురు నిర్ణీత సమయంలో రాకపోతే కంట్రోలర్ తనంతట తనే విపత్తు మోడ్‌లోకి వెళ్లాలి.

బ్లాక్ స్టార్ట్. అంతా ఆరిపోయాక మళ్లీ సున్నా నుంచి లేవడం. డిజైన్ కాగితాల్లో దీనికి ఒక లైను ఉంటుంది, సైట్‌లో రోజంతా తినేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక్కసారిగా పూర్తి వోల్టేజ్ ఇస్తే మొదటి కొన్ని సైకిళ్లలో రేటింగ్‌కి ఎనిమిది, పది రెట్ల కరెంట్ లాగగలదు. బ్యాటరీ ఇన్వర్టర్ రేటింగ్ కంటే 20, 30 శాతం, మహా అయితే 50 శాతం ఎక్కువ ఇస్తుంది. ఫలితం ట్రిప్. మళ్లీ ప్రయత్నం, మళ్లీ ట్రిప్. పరిష్కారం ఏమిటంటే, ట్రాన్స్‌ఫార్మర్‌ని ముందే కలిపి ఉంచి, ఇన్వర్టర్ వోల్టేజ్‌ని సున్నా నుంచి కొన్ని సెకన్లలో మెల్లగా పెంచడం. దగ్గర నిలబడితే ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మనే చప్పుడు సన్నగా మొదలై క్రమంగా నిండుగా మారడం వినిపిస్తుంది. ఆ తర్వాత ఫీడర్లు ఒక్కొక్కటిగా, మధ్యలో విరామమిచ్చి వేయాలి. గంటల తరబడి ఆగిన ఫ్రిజ్‌లు, మోటార్లు అన్నీ ఒకేసారి స్టార్ట్ అవ్వాలని చూస్తాయి కాబట్టి మామూలు లోడ్ కంటే చాలా ఎక్కువ లాగుతాయి.

ప్రొటెక్షన్. గ్రిడ్ ఉన్నప్పుడు షార్ట్ సర్క్యూట్ అయితే బోలెడు కరెంట్ వస్తుంది, బ్రేకర్ టప్పున పడుతుంది. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు అదే ఫాల్ట్‌కి లోడ్ కంటే కొంచెమే ఎక్కువ వస్తుంది, పాత సెట్టింగ్ ఉన్న రిలే దాన్ని ఫాల్ట్ అనుకోదు. వరద నీళ్లలో తెగిపడిన తీగ లైవ్‌గా ఉండిపోవచ్చు. రిలేల్లో రెండు సెట్టింగ్ గ్రూపులు పెట్టి, మెయిన్ బ్రేకర్ తెరుచుకోగానే రెండోది అమల్లోకి వచ్చేలా చేయించండి. అవసరమైన చోట వోల్టేజ్ పడిపోవడాన్ని చూసే రిలే, లోపలికి వెళ్లే కరెంట్‌కీ బయటికి వచ్చే కరెంట్‌కీ తేడా చూసే డిఫరెన్షియల్ రిలే కూడా వాడాలి. అడాప్టివ్ ప్రొటెక్షన్ అని పెద్ద పేరు పెట్టి అమ్మేదానిలో అవసరమైన భాగం చాలావరకు ఇదే.

తుఫాను రాకముందు

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం అంటారే, తెలివైన కంట్రోల్ వల్ల వచ్చే లాభంలో పెద్ద వాటా అక్కడే ఉంది. తుఫాను హెచ్చరిక సాధారణంగా ఒకటి రెండు రోజుల ముందే వస్తుంది. ఆ సమాచారం అందగానే కంట్రోలర్ బిల్లు తగ్గించే పని ఆపేసి బ్యాటరీని నింపాలి, నీళ్ల ట్యాంకులు నింపాలి, స్టెరిలైజేషన్, లాండ్రీ పనులు గ్రిడ్ కరెంటుతోనే ముందే ముగించేయమని చెప్పాలి. ట్యాంకులో నింపిన నీళ్లు కూడా ఒకరకంగా దాచుకున్న కరెంటే. గాలులు ముదిరి గ్రిడ్ వస్తూ పోతూ ఉండే దశకి ముందే కావాలని విడిపోవడం మంచిదని నా అభిప్రాయం. విడిపోయి కలిసే ప్రతిసారీ ఏదో ఒకటి ట్రిప్ అయ్యే అవకాశం ఉంటుంది, అది ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక్కసారి జరగడమే మేలు.

భూకంపానికి ఈ అవకాశం లేదు. అందుకే మామూలు రోజుల్లో కూడా బ్యాటరీలో ఒక కనీస నిల్వ ఎప్పుడూ ఉండాలి. సాయంత్రం పీక్ బిల్లు తగ్గించుకోవడానికి బ్యాటరీని 10 శాతం దాకా లాగేస్తున్న సైట్లు చూశాను. అలాంటి చోట రాత్రి 9 గంటలకి గ్రిడ్ పోతే మైక్రోగ్రిడ్ పేరుకే. డీజీ స్టార్ట్ కాకపోయినా కీలక లోడ్ కనీసం నాలుగు గంటలు నడిచేంత ఉంచండి. మీ లెక్కలో అది 240 యూనిట్లు.

డీజీ లేకుండా కూడా నిలబడవచ్చా అని కామెంట్‌లో మరొకరు అడిగారు. సైజు సరిపోతే నిలబడవచ్చు. అమెరికాలో నార్త్ కరొలైనాలోని హాట్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరికి 2 మెగావాట్ల సోలార్, 4.4 మెగావాట్ అవర్ల బ్యాటరీతో మైక్రోగ్రిడ్ ఉంది. 2024లో హెలీన్ తుఫాను వరదలో సబ్‌స్టేషన్ దెబ్బతింటే, మొబైల్ సబ్‌స్టేషన్ వచ్చేదాకా దాదాపు ఆరు రోజులు ఊరి మధ్య భాగానికి ఆ మైక్రోగ్రిడ్ కరెంటిచ్చింది. ఆసుపత్రికైతే నేను డీజీ తీసేయమని చెప్పను.

బ్యాటరీ, కంట్రోల్ ప్యానెల్, డీజిల్ పంపు ఏదీ బేస్‌మెంట్‌లో పెట్టొద్దు. 2012లో శాండీ తుఫానులో న్యూయార్క్‌లో ఒక పెద్ద ఆసుపత్రి జనరేటర్లు ఉండి కూడా బేస్‌మెంట్‌లోకి నీళ్లు రావడం వల్ల రోగులందరినీ తరలించాల్సి వచ్చింది. అదే తుఫానులో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ గ్రిడ్ నుంచి విడిపోయి సొంత గ్యాస్ టర్బైన్ మీద క్యాంపస్‌ని నడిపింది.

గ్రిడ్ తిరిగి వచ్చాక తొందరపడి కలపొద్దు. విపత్తు తర్వాత మొదట వచ్చే కరెంటు చాలాసార్లు మళ్లీ పోతుంది. సోలార్, బ్యాటరీ లాంటివాటిని గ్రిడ్‌కి కలపడానికి ఉన్న ఐఈఈఈ 1547 ప్రమాణంలో తిరిగి కలిసే ముందు వేచి ఉండాల్సిన డిఫాల్ట్ సమయం 300 సెకన్లు. విపత్తు మోడ్‌లో దాన్ని నేను ఇంకా పెంచుతాను, ఆపరేటర్ అనుమతి కూడా పెడతాను. కలిపేటప్పుడు మీ సైజుకి, అంటే మొత్తం 500 నుంచి 1500 కేవీఏ మధ్య అయితే, ఫ్రీక్వెన్సీ తేడా 0.2 హెర్ట్జ్, వోల్టేజ్ తేడా 5 శాతం, ఫేజ్ కోణం తేడా 15 డిగ్రీలు దాటకూడదు. సైజు పెరిగేకొద్దీ ఇవి బిగుతవుతాయి. బయట లైన్ మీద మనుషులు పనిచేస్తుంటారు, మీ వైపు నుంచి కరెంటు వెనక్కి పోకుండా ఇంటర్‌లాక్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే కాకుండా వైరింగ్‌లోనూ ఉండాలి.

కొనేముందు సప్లయర్‌తో సైట్‌లోనే పరీక్ష పెట్టించండి. అసలు లోడ్ ఉండగా మెయిన్ బ్రేకర్ తెరవమనండి. అలా నడుస్తుండగా నెట్‌వర్క్ కేబుల్ పీకమనండి. కాసేపటికి కంట్రోలర్ పవర్ కూడా తీయమనండి. కీలక ఫీడర్ నిలబడితేనే సంతకం పెట్టండి. అప్పగించాక కూడా ఈ డ్రిల్ తుఫాను కాలానికి ముందు ప్రతి ఏటా చేయాలి. డీజీ స్టార్టింగ్ బ్యాటరీ చచ్చిపోయి ఉందన్న సంగతి ఎక్కువగా ఇలాంటి డ్రిల్‌లోనే బయటపడుతుంది.

మీ సింగిల్ లైన్ డయాగ్రమ్, ఫీడర్ వారీ లోడ్‌లు, బ్యాటరీ ఇన్వర్టర్ డేటాషీట్ ఇక్కడ పెడితే కనీస నిల్వ ఎంత ఉంచాలో, బ్లాక్ స్టార్ట్‌లో మీ ట్రాన్స్‌ఫార్మర్‌ని ఆ ఇన్వర్టర్ లేపగలదో లేదో చూసి చెబుతాను. ఆసుపత్రి పేరు, ఐపీ అడ్రసులు మాత్రం చెరిపేసి పెట్టండి.